పాత పార్టు పారేయకండి.. అదే కొలత!

జావా, యెజ్డీ బండ్లకు మరమ్మతు మేలా? కొత్త పార్టు మేలా?

బెంగళూరు: జేసీ రోడ్డులో పాత మోటారు సైకిళ్ల విడిభాగాలు అమ్మే అంగడికి వెళ్లి చూడండి. కావాల్సిన పార్టు పేరు చెప్పీ చెప్పకముందే కౌంటరు అవతలి నుంచి ఒక ప్రశ్న ఎదురవుతుంది. 'శాంపల్ తందిద్దీరా?' నమూనా తెచ్చారా అని అడగడమన్నమాట. హోసూరు, కోలారు, బళ్లారి నుంచి, ఇటు హిందూపురం, అనంతపురం నుంచి వచ్చే మనవాళ్లలో అనుభవం ఉన్నవారు ఈ ప్రశ్నకు సిద్ధపడే వస్తారు. సంచిలోంచి గ్రీజు మరకల కాగితం పొట్లం తీస్తారు. అందులో అరిగిపోయిన పళ్లచక్రమో, విరిగిన బ్రాకెట్టో ఉంటుంది. దాన్ని కొత్తదాని పక్కన పెట్టి, తిప్పి చూసి, కొలిచాకే బేరం.

మూడేళ్ల కిందట అలాంటి కౌంటరు ముందే నేను చేతులూపుకుంటూ నిలబడ్డాను. నా దగ్గర నమూనా లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

మా నాన్నగారు 1981లో కొన్న యెజ్డీ రోడ్‌కింగ్ పదేళ్లుగా షెడ్డులో మూలపడి ఉండేది. బాగుచేయించి ఆయనకు చూపిద్దామని ఉబలాటపడ్డాను. తుప్పు పట్టిన రెండు సైలెన్సర్లు, మడ్‌గార్డులు విప్పించి గుజరీవాడికి తూకానికి వేసేశాను. వాటి బదులు తళతళలాడే కొత్తవి కొని బిగించాను. బండి స్టార్టయింది. నాన్న ఇంట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడి కాసేపు విన్నారు. "బాగానే ఉందిగానీ, ఇది మన బండి చప్పుడు కాదురా" అన్నారు.

ఆయన చెవి అబద్ధం చెప్పలేదు. వారం తిరిగేసరికి బండి ఎత్తు మీద లాగడం మానేసింది. వెనక మడ్‌గార్డు బోల్టు రంధ్రాలు కుదరక ఫైలుతో రాకించి బిగించిన చోట చీలిక వచ్చింది. పాతవాటి కోసం గుజరీకి పరుగెత్తితే అవి అప్పటికే కరిగే దారి పట్టాయి. పాత బండ్లు బాగుచేసుకునే ప్రతి ఒక్కరికీ ఎదురయ్యే ప్రశ్న అప్పుడు నాకు అర్థమైంది. ఉన్నదాన్ని మరమ్మతు చేయించాలా? కొత్తగా చేసి అమ్మేదాన్ని కొనాలా?

మైసూరు నుంచి ఊరూరికీ..

ఈ బండ్లకు ఈ చిక్కు ఎందుకొచ్చిందో తెలియాలంటే మైసూరు వెళ్లాలి. రుస్తుం ఇరానీ, ఫరోక్ ఇరానీ స్థాపించిన ఐడియల్ జావా కంపెనీ అక్కడి యాదవగిరిలో 1961లో బండ్ల తయారీ మొదలుపెట్టింది. అప్పటి మైసూరు రాష్ట్ర గవర్నరు జయచామరాజ ఒడెయరు చేతుల మీదుగా ఫ్యాక్టరీ ప్రారంభమైంది. చెకోస్లొవేకియాకు చెందిన జావా కంపెనీ లైసెన్సు ఇచ్చింది. తొలుత విడిభాగాలు అక్కడి నుంచి తెప్పించి బిగించేవారు. క్రమంగా ఇక్కడే తయారు చేశారు. 1970ల్లో జావా పేరు పోయి యెజ్డీ పేరు వచ్చింది. 1978లో రోడ్‌కింగ్ వచ్చింది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది.

గేరు రాడ్డే కిక్కురాడ్డు కావడం, ఒక్క సిలిండరుకు రెండు సైలెన్సర్లు ఉండడం, గేరు వేస్తుంటే క్లచ్ దానంతటదే వదలడం.. ఇవన్నీ ఈ బండ్ల ప్రత్యేకతలు. రాయలసీమ, సరిహద్దు జిల్లాల్లో గతుకుల దారిన పొలాలకు, సంతలకు తిరిగిన బండ్లలో ఇవీ ఉన్నాయి.

బుల్లెట్ సంగతి వేరు. చెన్నై తిరువొత్తియూరులో 1955లో మొదలైన ఆ కంపెనీ ఇప్పటికీ నడుస్తోంది. జావాకు అలాంటి అండ లేదు. 2018 నవంబరులో జావా పేరుతో, 2022 జనవరిలో యెజ్డీ పేరుతో కొత్త బండ్లు వచ్చిన మాట నిజమే. కానీ 2018లో వచ్చిన జావా ఇంజను 293 సీసీ ఫోర్ స్ట్రోక్, నీటితో చల్లబడే రకం. పాతది 250 సీసీ తరగతి టూ స్ట్రోక్, గాలితో చల్లబడే రకం. పేరు ఒకటే, పార్టు ఒకటి కాదు. కొత్త షోరూముకు వెళ్లి పాత బండికి పిస్టన్ అడిగితే ఫలితం ఉండదు.

మూడు దారులు

1996 తర్వాత పార్టు కావాలంటే మూడు దారులే మిగిలాయి.

మొదటిది పాత స్టాకు. కంపెనీ నడిచిన రోజుల్లోనే తయారై, డబ్బా విప్పకుండా డీలర్ల గోదాముల్లో మిగిలిన సరుకు. దీనికి గిరాకీ ఎక్కువ, దొరకడం తక్కువ. పాత డబ్బాలాంటి డబ్బాలో కొత్త సరుకు పెట్టి అమ్మేవాళ్లూ లేకపోలేదు.

రెండోది కొత్తగా పోత పోసి, రేకు వంచి చేసినవి. బజారులో వీటిని రెప్లికా అనీ, డూప్లికేట్ అనీ, లోకల్ అనీ రకరకాలుగా పిలుస్తారు. అన్నీ ఒక్క రకం కావు. కొలత తప్పకుండా చేసినవి ఉన్నాయి. చూపుకు మాత్రమే సరిపోయేవీ ఉన్నాయి. చెక్ రిపబ్లిక్‌లో పాత జావాలకు ఇప్పటికీ పార్టులు తయారవుతున్నాయి. అయితే మైసూరు బండికీ అక్కడి బండికీ కొన్ని తేడాలున్నాయి. కొలత చూడకుండా తెప్పించుకుంటే డబ్బు దండగ.

మూడోది మన బండికి ఉన్న పార్టునే బాగుచేయించడం. దీనికి లేత్ పనివాడు, వెల్డింగు పనివాడు, టింకరింగ్ పనివాడు, ప్లేటింగ్ పనివాడు.. నలుగురి చేయి పడాలి. అన్నిటికంటే ముందు మనకు ఓపిక ఉండాలి.

సైలెన్సరు అంటే గొట్టం కాదు

నా బండి లాగుడు ఎందుకు తగ్గిందో ఓ పెద్ద మెకానిక్ సైలెన్సరు విప్పి చూపించాకగానీ తెలియలేదు. టూ స్ట్రోక్ ఇంజనుకు వాల్వులు ఉండవు. కాలిన పొగ పోయే దారి, కొత్త పెట్రోలు ఆవిరి వచ్చే దారి కాసేపు రెండూ తెరిచే ఉంటాయి. ఆ సమయంలో సైలెన్సరు లోపలి నుంచి ఎదురు వచ్చే ఒత్తిడే కొత్త ఆవిరి బయటకు పోకుండా ఆపుతుంది. గొట్టం పొడవు, లావు, లోపలి బ్యాఫిల్ రంధ్రాలు అన్నీ లెక్కప్రకారం ఉండాలి. నేను కొన్నవాటి లోపల బ్యాఫిల్ కేవలం ఒక చిల్లుల గొట్టం. రేకు కూడా పలచన. అందుకే చప్పుడు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు మారింది.

తుప్పు పట్టాయని నేను పారేసినవాటి రేకు మందం. చివరి భాగం విప్పి, బ్యాఫిల్ బయటికి లాగి, లోపల పేరుకున్న మసి కాల్చి శుభ్రం చేసుకునే వీలుంది. చిల్లులు పడిన చోట్ల రేకు అతికి వెల్డింగు చేసి, సానపట్టి, మళ్లీ ప్లేటింగ్ వేయిస్తే ఇంకో ఇరవై ఏళ్లకు వాటికి ఢోకా ఉండేది కాదు. ఈ మాట తెలిసేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది.

కొత్తదే కొనాల్సినవి

అలాగని పాతదే బంగారం అనుకుంటే ప్రాణం మీదికొస్తుంది. కొన్నిచోట్ల ఒరిజినల్ మోజు పనికిరాదు.

బ్రేక్ షూల లైనర్లు, బ్రేక్ వైరు, క్లచ్ వైరు, టైర్లు, ట్యూబులు, చువ్వలు, బేరింగులు.. వీటిలో అరిగినవాటిని రెండో ఆలోచన లేకుండా మార్చాల్సిందే. తుప్పు తినేసిన రిమ్ముకు పైన ప్లేటింగ్ వేసి మెరిపించడం ఆత్మహత్యతో సమానం. మధ్యనున్న హబ్బు బాగుంటే దాన్ని ఉంచుకుని, రిమ్ము, చువ్వలు కొత్తవి వేసుకోవడమే తెలివి.

రబ్బరు సంగతీ అంతే. పాత స్టాకులో దొరికిన ఆయిల్ సీల్ డబ్బాలో కొత్తగానే కనిపిస్తుంది. కానీ దాని వయసు ముప్పై, నలభై ఏళ్లు. రబ్బరు కూర్చున్నచోటే ముసలిదవుతుంది. టూ స్ట్రోక్ ఇంజనులో క్రాంక్ పక్కనుండే సీల్ కారిందంటే బయటి గాలి లోపలికి చొరబడుతుంది. గాలి పెరిగి పెట్రోలు తగ్గుతుంది. పెట్రోలులో కలిపిన ఆయిలే ఇంజనుకు ఆధారం కాబట్టి ఆయిలూ తగ్గుతుంది. వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. పరుగు మీదున్న బండి వెనక చక్రం ఒక్కసారి బిగుసుకుపోతుంది. ఒక చిన్న సీల్ దగ్గర చేసిన పొదుపు ఎంత పని చేస్తుందో చూడండి.

ఇప్పుడు దీనికి ఇథనాల్ తోడైంది. 2025 నాటికి మన పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపే స్థాయికి వచ్చాం. ఈ బండ్లు తయారైన రోజుల్లో ఆ ఊహే లేదు. పాత పెట్రోలు పైపులు, కార్బురేటర్ వాషర్లు దానికి ఉబ్బిపోతాయి, పగుళ్లిస్తాయి. అది గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలని బండిలో ట్యాంకు అడుగున నీరు చేరి తుప్పు పడుతుంది. కాబట్టి పైపులు, వాషర్లు ఇథనాల్‌కు తట్టుకునే కొత్త రకం వేయించాలి. బండి చాలాకాలం నిలిపేటప్పుడు పెట్రోలు తీసేయాలి. ఇక్కడ ఒరిజినల్ కంటే కొత్తదే మేలు.

ముందు పిస్టన్.. తర్వాతే బోరింగ్

అరిగిన ఇంజనును నిలబెట్టేది లేత్ మిషనే. జావా 250 సిలిండరు లోపలి వ్యాసం 65 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే దూరం 75 మిల్లీమీటర్లు. ఇనుప సిలిండరు అరిగితే దాన్ని కొద్దిగా పెద్దది చేసి, అంతే పెద్ద పిస్టన్ వేస్తారు. ఇదే బోరింగ్. 0.25, 0.50 మిల్లీమీటర్లు.. ఇలా మెట్లు మెట్లుగా పెంచుతూ పోతారు. చివరి మెట్టు దాటితే లోపల కొత్త స్లీవ్ దింపి మళ్లీ మొదటి కొలతకు తెస్తారు. సిలిండరు మాత్రం మనదే ఉంటుంది.

చాలామంది చేసే పొరపాటు ముందు బోరింగ్ వేయించి, తర్వాత పిస్టన్ కోసం వెతకడం. పిస్టన్ చేతికొచ్చాక దాన్ని కొలిచి, అది వేడెక్కినప్పుడు ఎంత ఉబ్బుతుందో లెక్కగట్టి, ఆ మేరకు సందు వదిలి బోరు వేయాలి. కొత్తగా తయారైన పిస్టన్ల లోహం అన్నీ ఒకేలా ఉబ్బవు. పాత కంపెనీ పిస్టన్‌కు ఇచ్చిన సందే దీనికీ ఇస్తే పట్టేసే ప్రమాదం ఉంది. కొత్త బోరు వేసిన బండిని మొదట్లో నెమ్మదిగా తోలమనేది కూడా ఇందుకే.

గేరు, కిక్కు రెండూ ఒకే షాఫ్టు మీద ఉండడంతో దాని చివర పళ్లు అరగడం ఈ బండ్లలో మామూలే. పళ్ల మీద వెల్డింగు నింపి, లేత్ మీద తిప్పి, పళ్లు మళ్లీ కోసే పనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కనెక్టింగ్ రాడ్డు పైచివరి బుష్షును గన్‌మెటల్‌తోనో, ఫాస్ఫర్ బ్రాంజ్‌తోనో తిప్పి వేసేవారూ ఉన్నారు. పగిలిన అల్యూమినియం కేసును ఆర్గాన్ వెల్డింగుతో అతికిస్తారు. కాకపోతే ఎవరు చేసినా వారికి కావాల్సింది ఒక్కటే. పాత ముక్క. అరిగినదైనా సరే, విరిగినదైనా సరే.. అరగని ఒక మూల నుంచి వాళ్లు కొలత లాగుతారు. ముక్కే లేకపోతే ఎంత పనిమంతుడైనా గాలిలో గీత గీయలేడు.

తుప్పుకు చెరుకు మందు

తుప్పు చూడగానే పార్టు పోయిందనుకోవద్దు. పైతుప్పు వేరు, తిన్నతుప్పు వేరు. చెరుకు ఫ్యాక్టరీలో మిగిలే మొలాసిస్‌ను ఒకటికి తొమ్మిది పాళ్ల నీళ్లలో కలిపి, ఇనుప భాగాలను వారం నుంచి రెండు వారాలు నానబెడితే తుప్పు వదిలిపోతుంది. మంచి ఇనుమును పెద్దగా తినదు. మండ్య చుట్టుపక్కల చెరుకు ప్రాంతాల్లో ఈ సరుకుకు కొదవ లేదు. అల్యూమినియం, జింకు పోత భాగాలను మాత్రం ఇందులో వేయకూడదు, పాడవుతాయి. తుప్పు వదిలాక కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె పట్టించాలి.

పెట్రోలు ట్యాంకు విషయంలో జాగ్రత్త. ఏళ్లుగా ఖాళీగా ఉన్న ట్యాంకులోనూ పెట్రోలు ఆవిరి ఉండొచ్చు. దాన్ని పూర్తిగా కడగకుండా వెల్డింగు పెడితే పేలిపోతుంది. తెలిసిన చేతికే అప్పగించాలి.

ప్లేటింగ్ అసలు పద్ధతిలో రాగి, ఆపైన నికెల్, చివర క్రోమ్. మూడూ వేస్తేనే నిలుస్తుంది. రాగి ఎగ్గొట్టి వేసింది వానాకాలం దాటదు. ఈ పనిలో వాడే క్రోమ్ ద్రావణం విషం. ఆ నీటిని శుద్ధి చేయకుండా వదలకూడదన్న నిబంధనల వల్ల చిన్న ప్లేటింగ్ కొట్లకు ఖర్చు పెరిగింది. అందుకే కొన్నిసార్లు కొత్త మడ్‌గార్డు ధర కంటే పాతదానికి ప్లేటింగ్ ఖర్చే ఎక్కువవుతుంది. డబ్బు చాలనప్పుడు కొత్తది వేసుకోవడం తప్పేమీ కాదు. పాతదానికి నూనె రాసి అటక మీద పెట్టండి. చేతిలో డబ్బున్న రోజు దాన్ని బాగుచేయించుకోవచ్చు.

చట్టం ఏమంటోంది?

ఇదంతా మోజుగాళ్ల గొడవ అని కొట్టిపారేయడానికి వీల్లేదు. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాల రిజిస్ట్రేషన్‌కు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు ఇవి వర్తిస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము రూ.20 వేలు, గడువు 10 ఏళ్లు. తర్వాత మళ్లీ చేయించుకోవడానికి రూ.5 వేలు. ఇలా నమోదైన బండిని రోజువారీ పనులకు, వ్యాపారానికి వాడకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి తీసుకెళ్లొచ్చు.

అసలు షరతు ఇంకొకటి ఉంది. బండి తన అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజనులో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు.

లెక్క వేసుకోండి. తొలి జావాలకు 50 దాటి చాలాకాలమైంది. 1978లో రిజిస్టరైన తొలి రోడ్‌కింగ్‌లకు 2028లో 50 నిండుతాయి. మా నాన్నగారి బండికి 2031లో. ఇంజను కేసు పగిలిందని మరో బండి ఇంజను తెచ్చి పెడితే నంబరు మారిపోతుంది. మార్చినప్పుడు ఆర్టీవోకు చెప్పి ఆర్సీలో ఎక్కించకపోతే చిక్కులు తప్పవు. అదే కేసును అతికించుకుంటే నంబరూ మిగులుతుంది, రేపటి అర్హతా మిగులుతుంది. నంబర్లున్న చోట గ్రైండరు, ఇసుక బ్లాస్టింగ్ తగలనివ్వకండి. చెరిగిన నంబరు దొంగబండి అన్న అనుమానానికి దారితీస్తుంది.

పార్టు కొనేముందు..

* నంబరున్న భాగాలు, పోత భాగాలు, మందపు రేకు భాగాలు: వీలైనంత వరకు మరమ్మతే చేయించండి.
* బ్రేకులు, టైర్లు, వైర్లు, సీళ్లు, పైపులు: అరిగితే, గట్టిపడితే కొత్తవే. వీటిలో బేరం వద్దు.
* కొత్త రేకు భాగం కొనేటప్పుడు పాతది పక్కన పెట్టి మందం, బరువు, రంధ్రాల దూరం చూడండి. ముందు బండికి బిగించి చూశాకే రంగు, ప్లేటింగ్.
* విప్పే ముందు ప్రతి భాగానికీ ఫొటో తీయండి. బోల్టులు, వాషర్లు విడివిడి కవర్లలో పేరు రాసి పెట్టండి.
* పాత స్టాకు అన్నంత మాత్రాన ఎక్కువ పోయొద్దు. లోహం అయితే కొలవండి, రబ్బరు అయితే వదిలేయండి.
* కొత్తది బిగించి, కనీసం నాలుగు నెలలు తిరిగేదాకా పాతది పారేయొద్దు.

చేయి ఉన్నంత వరకే..

ఏటా జులై రెండో ఆదివారం జావా, యెజ్డీ దినంగా జరుపుకొంటారు. మన దగ్గర పాత బండ్లన్నీ కడిగి, తుడిచి రోడ్డెక్కేది ఆ రోజే. వాటి మెరుపు వెనక ఉన్న చేతులకు మాత్రం వయసు మీద పడుతోంది. షాఫ్టు పళ్లు కోసే లేత్ పనివాడి దగ్గర నేర్చుకునే కుర్రాళ్లు తగ్గిపోతున్నారు. మనం ఒక్కో పాత పార్టు పారేసి కొత్తది కొన్న ప్రతిసారీ ఆయనకు ఒక పని తగ్గుతుంది. పని తగ్గితే లేత్ మూతపడుతుంది. ఆ తర్వాత బజారులో దొరకని పార్టు పోయినరోజున వెళ్లడానికి చోటుండదు.

నా బండి కథ ఇంకా అయిపోలేదు. నిరుడు ఒక పాత మెకానిక్ షెడ్డు ఖాళీ చేస్తుంటే రోడ్‌కింగ్ సైలెన్సర్లు రెండు దొరికాయి. ఒకటి నొక్కుకుపోయింది, ఇంకొకటి అడుగున తిన్నది. కొత్తవాటికి పెట్టినదానికంటే రెండింతలు ఖర్చయింది, రెండు నెలలు పట్టింది. బిగించిన రోజు నాన్న ఈసారి గుమ్మం దగ్గర ఆగలేదు. నేరుగా వచ్చి బండెక్కి, గేరు రాడ్డును లోపలికి నొక్కి పైకి తిప్పి, తానే కిక్కు కొట్టారు. ఏమీ అనలేదు. వీధి చివరిదాకా వెళ్లి వచ్చారు.

విప్పేసిన డూప్లికేట్ సైలెన్సర్లను ఏం చేయమంటారని అడిగాను. "అవీ ఉంచు, ఎప్పుడు దేనికి కొలత కావాలో" అన్నారు. ఇప్పుడు మా అటక మీద గోనెసంచి ఒకటి ఉంది. అందులోంచి ఏదీ గుజరీకి పోదు.